జ్యేష్ఠలో పుట్టిన కోడలు

పుష్పావతికి పెళ్ళిచూపులు ఏడుసార్లు జరిగాయి. ఆరుసార్లు వచ్చినవాళ్ళు ఉప్మా తిని, కాఫీ తాగి, పిల్ల లక్షణంగా ఉందన్నారు. ఆ తర్వాత నక్షత్రం అడిగారు. జ్యేష్ఠ అని వినగానే ఎవరో ఒకరు చేతిలోని లోటా కింద పెట్టేసేవారు.

"మాకి పెద్దోడుండాడు కదప్పా. తెలిసి తెలిసి ఎట్ల చేసుకుంటాము?"

జ్యేష్ఠలో పుట్టిన పిల్ల కోడలై వస్తే భర్త అన్నకు గండమని ఆ చుట్టుపక్కల అందరి నమ్మకం. మూలలో పుడితే మామకు, ఆశ్లేషలో పుడితే అత్తకు, విశాఖలో పుడితే మరిదికి. పుష్పావతి ఇంకో గంట ఆగి పుట్టి ఉంటే మూల అయ్యేది. అప్పుడు తండ్రి లేని వరుణ్ణి వెతకాల్సి వచ్చేది, అంతే తేడా.

ఆమె తండ్రి ఆదినారాయణప్ప కోలార్ బంగారు గనుల్లో డ్రిల్లరు. వి.కోట దగ్గరి పల్లె నుంచి అతని తాత అక్కడి గనుల ఊరు చాంపియన్ రీఫ్‌కు వలస వచ్చాడు. అప్పటి నుంచి మూడు తరాలు ఆ గని కూలీల లైన్లలోనే, రెండు గదుల రేకుల ఇంట్లోనే గడిచాయి. కూతురు పుట్టినప్పుడు అతను పాతాళంలో రాతికి తూట్లు వేస్తున్నాడు. ఇంట్లో గడియారం లేదు. మధ్యాహ్నం షిఫ్టు సైరన్ మోగిన కాసేపటికి బిడ్డ ఏడ్చిందని మంత్రసాని చెప్పిన మాట పట్టుకుని పురోహితుడు వేళ్ళు మడిచి, పంచాంగం తిప్పి, కాగితం మీద జ్యేష్ఠ అని రాశాడు. ఆ కాగితాన్ని తల్లి పసుపు పూసి పెట్టెలో దాచింది. పుష్పావతికి పదేళ్ళప్పుడు తల్లి పోయింది. కాగితం ఉండిపోయింది.

ఏడోసారి వచ్చింది కామసముద్రం నుంచి తాయమ్మ. భర్త ఆవులప్ప పోయి అప్పటికి నాలుగేళ్ళు. వెంట ఉన్నది కొడుకు జగదీష్ ఒక్కడే. నక్షత్రం మాట వచ్చినప్పుడు ఆమె లోటా కింద పెట్టలేదు.

"మాకి ఆ దిగులు ల్యా. జగదీషే పెద్దోడు, జగదీషే చిన్నోడు. నాకు ఒక్కడే కొడుకు" అంది, ఎవరి మొహమూ చూడకుండా.

ఆదినారాయణప్ప ఆమెకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. తొంభై ఆరులో, రాబర్ట్‌సన్‌పేటలో పెళ్ళి జరిగింది. పదకొండు గంటల ఎండలో పురోహితుడు పెళ్ళికూతురిని బయటికి తీసుకొచ్చి, అరుంధతి కనిపించిందా తల్లీ అని అడిగాడు. కళ్ళు చెమర్చేంత వెలుగు తప్ప ఏమీ కనిపించలేదు. కనిపించిందని తల ఊపింది.

కామసముద్రంలో వాళ్ళకు రెండెకరాల రాగి చేను, పట్టుపురుగుల కోసం కొంత మల్బరీ తోట, ఒక సీమ ఆవు. పుష్పావతి లైన్లలో పెరిగిన పిల్లే అయినా పని తొందరగా పట్టుకుంది. జగదీష్ నెమ్మదస్తుడు. తాయమ్మ గద్దించే మనిషే గాని, కోడలి పళ్ళెంలో ముద్ద చిన్నదైతే ఊరుకునేది కాదు.

పెళ్ళయిన రెండో ఏడు, పురుగులకు ఆకు వేస్తున్నప్పుడు పక్కింటి అక్కయమ్మ నోరు జారింది. "ఈ తట్టలు మీ బావ సొన్నప్ప అల్లినవే కదమ్మా. ఏం పనిమంతుడు!"

పుష్పావతి చేతిలో ఆకు అలాగే ఆగిపోయింది. అక్కయమ్మ నాలుక కరుచుకుంది.

ఆ రోజు జగదీష్‌ను నిలదీసింది. అతను నేల చూపులు చూస్తూ చెప్పాడు. "ఉండినాడు. నాకంటే రెండేండ్లు పెద్ద. మా చేన్లో బోరు వేయించినప్పుడు ఆరు వందల అడుగులు పోయినా తేమ తగల్యా, ఉత్త పొడే లేచింది. నాయన ఆ కోపం అంతా అన్న మీద చూపించినాడు. మర్నాడు బోరు లారీ పోతే, అన్న కూడా దాంట్లోనే ఎక్కిపోయినాడు. నాయన సచ్చినప్పుడు కూడా రాల్యా. యాడుండాడో తెలీదు. అమ్మ చెప్పొద్దనింది."

"ఉండాడో లేదో తెలియని మనిషిని లేడని ఎట్ల చెప్తిరి?"

జగదీష్ లేచి ఆవు దగ్గరికి పోయాడు.

ఆ రోజు నుంచి ఎన్నడూ చూడని ఒక మనిషి పుష్పావతి గుండెలో మకాం పెట్టాడు. ఎక్కడో ఏ ఊళ్ళోనో తిరుగుతున్న అతనికి, తాను ఈ ఇంట్లో పొయ్యి వెలిగించినందువల్ల ఏదైనా అవుతుందేమో! శనివారం శనివారం అతని పేరు మీద దీపం పెట్టేది. ఆయుష్షు ఇవ్వమని అడిగేది. దాని వెంటనే, ఇంటికి మాత్రం రానీయకు స్వామీ అనుకునేది. ఆ రెండో మొక్కు గురించి ఎవరికీ చెప్పలేదు. కూతురు నేత్ర పుట్టింది, పెరిగింది, బడికి పోయింది. దీపం మానలేదు.

రెండు వేల పద్నాలుగు ఫిబ్రవరిలో ఒక పొద్దున సొన్నప్ప వచ్చాడు.

పుష్పావతే మొదట చూసింది. పెండ ఎత్తుతూ తలెత్తితే గేటు పట్టుకుని ఒక మనిషి నిలబడి ఊపిరి అందుకుంటున్నాడు. నలభై మూడేళ్ళ మనిషి అరవై ఏళ్ళవాడిలా ఉన్నాడు. మెడ ఎముకల పైన గుంటలు. మొహంలో మాత్రం జగదీష్ పోలికలు. ఆమె లోపలికి పరుగెత్తి చెంబుతో నీళ్ళు తెచ్చేసరికి తాయమ్మ అతని మీద పడి ఏడుస్తోంది. కోడలిని చూడగానే ఆ ఏడుపు తెగిపోయింది.

"నువ్వు లోపలికి పో! వాని ఎదుటికి రావద్దు!" చెంబు లాక్కుంది.

మూడు రోజులు పుష్పావతి వెనక వాకిట్లోనే ఉంది. అతని దగ్గు మాత్రం గోడ దాటి వినిపించేది. రాయి మీద రాయి రాసినట్టు ఉండేది. నాలుగో రోజు జగదీష్ సంచి సర్దాడు. "కొన్నాళ్ళు మీ నాయన దగ్గరుండు. అన్నని కొంచెం కుదురుకోనీ" అన్నాడు, చెప్పు వారు సరిచేసుకుంటూ. నేత్రకు పదో తరగతి పరీక్షలు. ఆ పిల్ల అక్కడే ఉండిపోయింది. బస్సు ఎక్కుతుంటే కూతురు అడిగింది, "నువ్వేం చేసినావమ్మా?"

గనులు మూతపడి అప్పటికి పదమూడేళ్ళు. లైన్లలో సగం ఇళ్ళ పైకప్పులు లేచిపోయాయి. పనికి పోగలిగినవాళ్ళంతా తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కి, చీకటి పడ్డాక తిరిగొస్తారు. పగలు ఊళ్ళో ముసలివాళ్ళు, బంగారం తీసేయగా మిగిలిన సైనైడ్ దిబ్బల మీద నుంచి కొట్టుకొచ్చే తెల్లటి దుమ్ము. ఆదినారాయణప్ప గోడకు దిండు ఆనించుకుని కూర్చునే నిద్రపోయేవాడు. పడుకుంటే ఊపిరాడదు. కూతురు ఎందుకు వచ్చిందో విని మూలనున్న పెట్టె వైపు చూశాడు.

"ఆ కాగితం ఆ పొద్దే పొయ్యిలో వేసుంటే పోయుండును" అన్నాడు.

రెండు నెలలయ్యాక ఒక మధ్యాహ్నం వీధి మలుపులో ఎవరో దగ్గారు. ముసలాయన తల ఎత్తాడు.

"ఎవరది? మా షిఫ్టులోవాళ్ళా? పాపా, తలుపు తీ."

తలుపు తీస్తే సొన్నప్ప. ఒక చేత్తో గోడ, ఇంకో చేత్తో మందుల సంచి పట్టుకున్నాడు. పుష్పావతి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది.

"దాక్కోవద్దమ్మా" అన్నాడతను ఊపిరి తీసుకుంటూ. "నిన్నే సూసేదానికి వచ్చినాను. నేత్ర చెప్పింది, నువ్వు ఎందుకు ఇంట్లో ల్యావో. నాకు ఇన్నాళ్ళు నువ్వు పుట్టింటికి సుమ్నే, చూసొచ్చేదానికి పోయినావని చెప్పినారు."

"బావా, నువ్వు పో. దండం పెడతాను, పో."

"పోను. నువ్వు ఆ ఇంటికి వస్తే నేనూ వస్తాను. నువ్వు రాకుంటే నేను ఈడే ఉంటాను."

ఆదినారాయణప్ప అతని ఛాతీ వైపే చూస్తున్నాడు. "ఏం పని చేసినావప్పా ఇన్నేండ్లు?"

"బోరు లారీ. అనంతపురం, బళ్ళారి, మధ్యప్రదేశ్, అంతా తిరిగినాను. ఇరవై అయిదేండ్లు."

"రాయి పొడి మొహం మీద కొట్టేదా?"

"తెల్లారి లేస్తే ఉమ్ము సిమెంటు రంగు ఉండేది."

"డాక్టరు ఏమన్నాడు?"

"టీబీ అన్నాడు. ఏడాదిగా మాత్రలు మింగతా ఉండాను."

ముసలాయన తల అడ్డంగా ఊపాడు. "ఇది నా దగ్గు. నాకు తెల్దా? మా లైన్లో ముప్పై మందిని ఇదే దగ్గు మోసుకుపోయింది. రేపు పోయి డాక్టరుకి చెప్పు, నేను రాయికి బెజ్జాలు వేసినోణ్ణి అని."

మర్నాడు పుష్పావతే వెంట వెళ్ళింది. తాను అడగని బోరు పని సంగతి వాళ్ళు చెప్పేసరికి డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును మళ్ళీ వెలుతురుకు పెట్టి చూశాడు. ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము గట్టిపడిపోయిందన్నాడు. కనీసం పదేళ్ళ నాటిదన్నాడు. బాగుచేసే మందు లేదు, ఆయాసం తగ్గించడానికి మాత్రమే ఇస్తానన్నాడు.

పదేళ్ళు అన్న మాట పుష్పావతి చెవిలో గట్టిగా పడింది. సొన్నప్ప బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని, "విన్నావా?" అన్నాడు. ఆమె విన్నది. కాని తాను ఆ ఇంటి కోడలై పద్దెనిమిదేళ్ళయిందని, ఆ పదేళ్ళూ అందులోనివేనని కూడా లెక్క వేసుకుంది. అతనికి చెప్పలేదు.

సొన్నప్ప ఆ రెండు గదుల ఇంట్లోనే ఉండిపోయాడు. తాయమ్మ కబురు మీద కబురు పంపింది. ఒకసారి జగదీష్ వచ్చి, గడప బయటే నిలబడి పిలిచాడు. అన్న కదల్లేదు. మొదటి నెల పుష్పావతి పళ్ళెం నేల మీద పెట్టి, దూరంగా పోయి నిలబడేది. మాత్రలు కాగితంలో పెట్టి జరిపేది. తన నీడ అతని మీద పడకుండా గోడ వారగా నడిచేది. ఒక పొద్దున అతనికి దగ్గు తెర వచ్చి మొహం నల్లబడితే, ఆలోచించే వ్యవధి లేక వెళ్ళి వీపు నిమిరింది. ఆ తర్వాత దూరం పాటించడంలో అర్థం లేకుండా పోయింది.

సాయంత్రాలు ఇద్దరు మగవాళ్ళూ ఇంటి ముందు బండ మీద కూర్చునేవాళ్ళు. ఒకరు దగ్గితే ఇంకొకరు ఆగేవారు. ఆగస్టులో వాన వెలిసిన ఒక సాయంత్రం, పొద్దు గుంకి దీపాలు పెట్టే వేళకు, సొన్నప్ప ఆమెను బయటికి పిలిచాడు.

"అమ్మా, నీ చుక్క సూసినావా ఎప్పుడన్నా?"

ఆమెకు అర్థం కాలేదు. జ్యేష్ఠ అనేది ఆమెకు కాగితం మీది మాట. తిట్టులాగా, జబ్బు పేరులాగా విన్నది. అది నిజంగా ఒకచోట ఉంటుందని, తలెత్తితే కనిపిస్తుందని ఎవరూ చెప్పలేదు.

"దక్షిణం పక్క సూడు. ఆ తెల్ల దిబ్బకి పైన. ఎర్రగా ఒకటి ఉండాదే, దానికి అటొకటి ఇటొకటి కావలి మాదిరి? అదే జ్యేష్ఠ."

పుష్పావతి చూసింది. కుంపట్లో ఆరిపోబోయే నిప్పుకణికలా ఉంది. చుట్టూ ఉన్నవన్నీ తెల్లవి, అదొక్కటే ఎర్రది.

"ఇదా?" అంది. 

"అదే. లారీ మీద మాతో ఒక పెద్దాయన ఉండినాడు, తాడిపత్రి పక్క. మేము చేన్లల్లోనే కదా పండుకునేది, అన్నీ ఆయనే చూపించినాడు. అదో తల మీద పెద్దగా ఉండేది స్వాతి. పడమటికి దిగుతా ఉండేది చిత్త. అగస్త్యుడు ఇప్పుడు కనపడడు, చలికాలంలో వస్తాడు, దక్షిణంలో కిందనే. వింధ్యకొండని తల వంచుకొని ఉండమని చెప్పి, ఇట్ల వచ్చినోడు తిరిగి పోనే ల్యా. నా మాదిరే, ఇల్లు వదిలినోడు." నవ్వబోతే దగ్గు వచ్చింది. తగ్గాక మళ్ళీ మొదలుపెట్టాడు. "దక్షుడికి ఇరవై ఏడు మంది కూతుర్లు. అందరినీ చంద్రుడికే ఇచ్చినాడు. వాడేమో రోహిణి ఇంట్లోనే ఉండిపోయినాడు. మిగతావాళ్ళు నాయన దగ్గరికి పోయి ఏడ్చినారు. ఆ ఏడ్చినోళ్ళల్లో నీ జ్యేష్ఠ ఒకటి. అది మొగుడు సరిగా చూడక బేజారైన ఆడబిడ్డ. అంతే దాని కథ. అది ఇంగొకర్ని ఏం చేస్తుంది?"

"పెండ్లిలో అరుంధతిని చూపించినారు" అంది పుష్పావతి.

"పగలా?"

"పదకొండు గంటలకి."

"పట్టపగలు లేని చుక్కని చూపించినోళ్ళు, సాయంత్రం కనపడే నీ చుక్కని ఎవరూ చూపించల్యా?"

ఆమెకు నవ్వు వచ్చింది. నవ్వు మధ్యలోనే ఏడుపుగా మారింది. పదహారేళ్ళ దీపాల సంగతి, ఇంటికి రానీయకు అన్న మొక్కు సంగతి అప్పుడే అతనికి చెప్పేసింది. అతను దిబ్బ వైపు చూస్తూ విన్నాడు.

"నేను రావాలంటే ఎప్పుడో వచ్చుందును" అన్నాడు. "నీ మొక్కు నన్నేమీ ఆపల్యా. నేనే రోషం పట్టుకొని ఉండిపోయినాను. ఇరవై అయిదేండ్లు రాయి పొడి తిన్నాను, అది నా లోపల ఉండాది. నీ చుక్క ఆడ ఉండాది. అది దిగొచ్చి నా ముక్కులో దూరల్యా తల్లీ."

ఆదినారాయణప్ప కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తున్నాడు. "గని కేజులో దిగినప్పుడు పగలు, ఎక్కినప్పుడు చీకటి. తల ఎత్తాలని ఎప్పుడూ తోచల్యా" అన్నాడు.

ఆ తర్వాత సొన్నప్ప ఏడాదిన్నర బతికాడు. చివరి నెలల్లో అతనూ గోడకు ఆనుకునే నిద్రపోయేవాడు. రెండు గోడలకు ఇద్దరు మనుషులు. పుష్పావతి రాగిజావ పల్చగా కాచి, చల్లార్చి, ఒకరి తర్వాత ఒకరికి తాపేది. రెండు వేల పదహారు జనవరిలో, మధ్యాహ్నం, మొహం తుడుస్తుండగా ఆమె చేతుల్లోనే ఒరిగిపోయాడు. పక్క గోడ దగ్గర నుంచి ముసలాయన, "లేపు పాపా, లేపి కూర్చోబెట్టు, గాలాడుతాది" అంటూనే ఉన్నాడు.

కామసముద్రంలో తాయమ్మ గుండెలు బాదుకుంది. "మింగేసింది! వద్దంటే కూడా దగ్గర పెట్టుకొని మింగేసింది!" ఊరంతా విన్నది. పుష్పావతి వాకిలి బయటే, ఎండలో నిలబడింది. నేత్ర వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. జగదీష్ తల వంచుకున్నాడు. డాక్టరు చెప్పింది ఆమె నోటిదాకా వచ్చింది. కాని కొడుకు శవం ముందున్న తల్లితో ఏమని వాదిస్తుంది?

పదకొండో రోజు చుట్టాలు పోయాక తాయమ్మ ఆమెను పురుగుల గదిలోకి పిలిచింది. ఆ ఏడు పంట వేయలేదు. ఖాళీ తట్టలు గోడకు నిలబెట్టి ఉన్నాయి. ముసలామె తలుపు దగ్గరికి వేసింది.

"ఆ పొద్దు మీ నాయన ముందర నేనేమన్నాను?"

"ఒక్కడే కొడుకు అన్నావు అత్తా."

"ఆఁ. ఎట్ల అన్నాను నేను! జగదీష్‌కి వయసు దాటితే పిల్ల దొరకదని, ఊపిరితో ఉండే కొడుకుని నోటితోనే తీసేసినాను. కన్నతల్లి నోరు. నీ చుక్క కాదే, నా నోరు..." తాయమ్మ పుష్పావతి చెంగు పట్టుకుని, అందులో మొహం దాచుకుని, శబ్దం బయటికి పోకుండా ఏడ్చింది.

పుష్పావతికి అప్పుడు తెలిసింది, అత్త తన మీద వేసిన నింద ఎంత బరువును దించుకోవడానికో. "దుమ్ము అత్తా. ఉత్త దుమ్ము. నీ నోరూ కాదు" అంది. తాయమ్మ తల ఊపింది, కాని నమ్మలేదు. గదిలో ఒప్పుకున్న ఆ మాట నలుగురిలో ఆమె ఎన్నడూ అనలేదు. మూడేళ్ళ తర్వాత ఆమె పోయాక కూడా ఊళ్ళో కథ మారలేదు. జ్యేష్ఠ కోడలు బావను మింగింది.

ఆదినారాయణప్ప కన్నుమూసేదాకా పుష్పావతి లైన్లలోనే ఉంది. తర్వాత కామసముద్రం వచ్చి మళ్ళీ మల్బరీ కోసింది. నేత్ర చదువుకుని కోలార్‌లో నర్సుగా చేరింది. జగదీష్ మంచివాడే. అతను చెప్పు వారు సరిచేసుకుంటూ అన్న మాట మాత్రం పుష్పావతి మర్చిపోలేదు. ఆ సంగతి అతనికీ తెలుసు. ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోరు.

మొన్న మాఘంలో ఆవని ఊళ్ళోని గుడికి వెళ్ళింది. మంటపంలో ఒక ముసలామె, ఆమె కోడలు, ఒళ్ళో మూడు నెలల ఆడబిడ్డ. శాంతి చేయించడానికి వచ్చారట. ముసలామె చిన్నవెంకటమ్మ మాటలపోగు. అడగకుండానే చెప్పింది.

"జ్యేష్ఠలో పుట్టిందమ్మా. భయం కాదా మరి? కామసముద్రంలో ఒక కోడలు, సొంత బావనే..."

"ఆ కోడలు నేనే" అంది పుష్పావతి.

చిన్నవెంకటమ్మ వెనక్కి జరిగింది. బాలింత కోడలు చప్పున కొంగు లాగి బిడ్డ మొహం మీద కప్పింది. పుష్పావతి ఆ కొంగు వైపు చూసింది. కోపం రాలేదు. తన తల్లి కూడా ఇలాగే కప్పి ఉంటుంది.

లేచిపోదామనుకుంది, లేవలేదు. రెండు మెట్లు కిందికి జరిగి, తన నీడ వాళ్ళ మీద పడని చోట కూర్చుంది.

"ఆయన పేరు సొన్నప్ప" అని మొదలుపెట్టింది. "బోరు లారీ మీద పని చేసినాడు. రాతికి తూటు వేస్తే పొడి ఎట్ల లేస్తుందో మీరు సూసినారా ఎప్పుడైనా?"

చిన్నవెంకటమ్మ చూశానంది. కోడలు తల వంచుకునే ఉంది. పుష్పావతి లారీ గురించి, దగ్గు గురించి, డాక్టరు వెలుతురుకు పెట్టి చూసిన ఫిల్ము గురించి చెబుతూ పోయింది. పూర్తికాకముందే పూజారి వాళ్ళను లోపలికి పిలిచాడు. కోడలు బిడ్డను ఎత్తుకుని లేచింది. కొంగు అలాగే కప్పి ఉంది. రెండడుగులు వేసి ఆగి, వెనక్కి చూడకుండానే అడిగింది.

"నిజంగా దుమ్మేనా అక్కా?"

"దుమ్మే" అంది పుష్పావతి.

కోడలు అత్త వెంట గర్భగుడి వైపు నడిచింది. లోపల శాంతి మంత్రాలు మొదలయ్యాయి.